ఓడ వచ్చిన రోజు బావి మూయాలి

ఆశ్వయుజం, సోమవారం

ఓడ వచ్చింది. రేవు దిబ్బ మీద సైరన్ మోగేసరికి నేనింకా తల దువ్వుకుంటున్నాను. సగం జడతోనే గ్యాసు పైపుల ఒత్తిడి గదికి పరుగెత్తాను. ఓడ కోసం ఊరంతా ఎదురుచూస్తుంది గానీ నూకరత్నం జడ కోసం ఎవరు ఎదురుచూస్తారు?

ఈ దినచర్యను కూడా ఎవరూ చూడరు. నెలాఖరున మా ధరల అధికారి పేర్రాజు గారు అట్ట మీద సంతకం పెట్టి పక్కన పడేస్తారు. లోపల వంకాయ కూర ఎలా వండాలో రాసినా ఆయనకు తెలియదు. అందుకే మీటర్ల అంకెలతో పాటు నా గోల కూడా ఇందులోనే రాసుకుంటాను.

ఓడలో గ్యాసు నీళ్లలా, చచ్చేంత చల్లగా వస్తుంది. రేవు దగ్గర దాన్ని వెచ్చబెడితే మళ్లీ గ్యాసై పైపులైనులోకి దూకుతుంది. ఆ పైపులైను పట్నం దాటి, నడిలంక, గొల్లలంక దాటి, చిట్టచివర తోకలంక దాకా పోతుంది. ఈ ఊళ్లన్నీ ఇప్పుడు సముద్రం కంటే పల్లంలో ఉన్నాయి. కరకట్ట కింద నుంచి ఊరే ఉప్పునీటిని తోడి అవతల పోసే పంపులు గ్యాసు మీదే తిరుగుతాయి. పంపు ఆగితే ఊరు లేదు. నా కుర్చీ ముందున్న మీటరు ముల్లు పచ్చగీత దిగకుండా చూడటం నా ఉద్యోగం.

ఓడ వచ్చిన రోజున మా గదిలో మొదటి పని లంకలకు ఫోన్లు చెయ్యడం. మూడు లంకల్లోనూ మన సొంత గ్యాసు బావులున్నాయి, పాతవి. వాటిని కాచే వాళ్లతో "ఓడొచ్చిందండీ, దారివ్వండి" అనాలి. వాళ్లు వాల్వు మూసి, చక్రానికి పసుపు తాడు కట్టి, "ఇచ్చామండీ" అంటారు. ఓడ గ్యాసు ఉరవడి ముందు బావి గ్యాసు నిలబడలేదు. మా అమ్మమ్మ కాలంలో ఏడాదికి ఏ రెండు ఓడలో వచ్చేవి. ఇంటికి చుట్టం వస్తే మంచం ఖాళీ చేసినట్టు బావులు నాలుగు రోజులు తప్పుకునేవి. ఇప్పుడు ఒక ఓడ కదలకముందే ఇంకో ఓడ వచ్చి నిలబడుతోంది. చుట్టం ఇంట్లోనే ఉండిపోయాడు, మంచం తిరిగి ఇచ్చిందే లేదు.

నిజానికి ఇవాళ ఫోన్లు చెయ్యాల్సిన పని లేదు. బావులు జ్యేష్ఠం నుంచి మూసే ఉన్నాయి. అయినా ఆనవాయితీ కదా అని చేశాను.

"ఇచ్చామమ్మా, ఇచ్చాం. ఇచ్చిందే ఎన్నిసార్లు ఇమ్మంటావే?" అని నవ్వింది తోకలంక నుంచి మాణిక్యం వదిన. మా పెద్దన్నయ్య భార్య. అన్నయ్య పోయాక ఆ బావిని ఆవిడే కాస్తోంది.

"పద్ధతి వదినా, నేనేం చెయ్యను?"

"పద్ధతికేంలే గానీ, బావికి ఒక్కరోజు ఊపిరి తియ్యనియ్యవే రత్నం. ఇన్నాళ్లు నోరు మూసేత్తే లోపల నీళ్లూరి చచ్చిపోద్ది."

"ఇవాళే ఓడొచ్చింది కదా, ఇవాళ వద్దు. వచ్చేవారం చూద్దాం."

వచ్చేవారం ఇంకో ఓడ ఉందని నాకు తెలుసు. అయినా ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో!

సాయంత్రం బజారులో ధరల బోర్డు మీద గ్యాసు ధర దిగింది. ఇస్త్రీ బండి అతను, ఐసు ఫ్యాక్టరీ వాళ్లు, మిరపకాయ బజ్జీలావిడ అందరూ నన్ను చూసి నవ్వారు, ఓడను నేనే మోసుకొచ్చినట్టు. బజ్జీలావిడ రెండు బజ్జీలు ఎక్కువ వేసింది. సిగ్గులేకుండా తిన్నాను.

ఆశ్వయుజం, శుక్రవారం

పేర్రాజు గారు గదికి వచ్చారు. మనిషి చెడ్డవాడు కాదు, కాకపోతే ధర తప్ప మరో లోకం లేదు. వచ్చీ రాగానే ముల్లు వైపు చూసి చేతులు నలుపుకున్నారు.

"ఏడాది నుంచీ పచ్చగీత దిగలేదు రత్నం గారూ. కింది ఆఫీసుల వాళ్లందరికీ మీ గదిని చూసి నేర్చుకోమంటున్నానండి."

అప్పటికి నా నాలుక చివర ఒక మాట ఉంది. 'తోకలంక బావిని ఒక్కరోజు తెరవనివ్వండి, అందుకు ముల్లు కాస్త దించాలి' అని అడుగుదామనే పొద్దున్నుంచీ సిద్ధమయ్యాను. ఆయన పొగడగానే ఆ మాట మింగేశాను. అయినా అడిగీ అడగనట్టు, "బావుల సంగతేమిటండీ?" అన్నాను.

"బావి గ్యాసు ఎవరు కొంటారమ్మా? ఓడ గ్యాసు దానికంటే చవక. మన లంకలోంచి వచ్చేది ఖరీదు, భూగోళం అవతల నుంచి వచ్చేది చవక! కలికాలం కాకపోతే ఏమిటి?" అని నవ్వి, టీ తాగి వెళ్లిపోయారు.

ఆయన అటు వెళ్లగానే వదిన ఫోను.

"రత్నం, బావిలో చప్పుడు మారిందే. గొట్టానికి చెవి పెడితే గుడగుడమంటంది."

"గాలేమోలే వదినా."

"ఇన్నేళ్లు దాని పక్కనే పడుకున్నాను, గాలికీ నీళ్లకీ తేడా తెలవదా నాకు?"

"ఏం కాదు. నేను చూసుకుంటాగా."

"నువ్వున్నావనే నా ధైర్యం తల్లీ" అని పెట్టేసింది.

నాకు తెలియక కాదు. గ్యాసు తియ్యకుండా ఊరుకుంటే కింద నుంచి ఉప్పునీరు ఊరి దాని నెత్తిన కూర్చుంటుంది. పైపులో ఒత్తిడి ఒక్కరోజు దించితే బావి తన బలంతో తానే ఆ నీళ్లను కక్కేస్తుంది. ఆలస్యమైన కొద్దీ నీళ్ల బరువు పెరుగుతుంది, తర్వాత ఎవరు లాగినా రాదు. దించాలంటే మా గదిలోని చక్రంతో రేవు వాల్వు బిగించాలి, నా ముల్లు పచ్చగీత దిగాలి. పట్నంలో పొయ్యిలు మందగిస్తాయి, ఫోన్లు మోగుతాయి, పొగిడిన నోళ్లే తిడతాయి. అంతే. అంతకంటే పెద్ద నష్టం ఏమీ లేదు.

వారం నివేదికలో 'మూడు బావులూ క్షేమం' అని రాసి పంపించాను. పంపించేటప్పుడు ఏమీ అనిపించలేదు. ఇప్పుడిక్కడ రాస్తుంటే ఆ మాట కొట్టెయ్యాలనిపిస్తోంది. నా మొహం, ఇక్కడ కొట్టేస్తే బావి బాగుపడుతుందా?

కార్తీకం, మంగళవారం

గోడ మీద తెరలో ఓడలు చుక్కల్లా కనిపిస్తాయి. మన వైపు వస్తున్న చుక్కను చూస్తూ టీ తాగడం నాకు అలవాటు. ఇవాళ ఆ చుక్క ఆగింది. కాసేపు నడిసముద్రంలో అలాగే ఉంది. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగింది.

తెర పాడైందనుకుని దావీదుని పిలిచాను. దావీదు మా వాల్వుల మెకానిక్. మా గదిలోని రేవు వాల్వు తప్ప పైపులైను మీద ఏ చక్రం తిప్పాలన్నా పడవేసుకుని వెళ్లేది అతనే. తెర వెనక తీగలన్నీ కదిపి చూశాడు.

"తెర బానే ఉందండి. ఓడే తిరిగిపోయిందండి, ఆయ్."

"ఎందుకు తిరుగుతుందయ్యా? మనం కొన్నాం కదా!"

"మనకంటే ఎక్కువిచ్చే వోడు తగిలుంటాడండి."

అదే జరిగింది. ఉత్తరాన చలి ముందే ముంచుకొచ్చిందట. అక్కడి పట్నాలు ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి ఎంతకైనా కొంటున్నాయట. మనకు రావలసిన ఓడ వాళ్ల కోసం మళ్లింది. బస్సెక్కి కూర్చున్నాక డ్రైవరు చెప్పకుండా వేరే ఊరికి తిప్పినట్టుంది నాకు.

పేర్రాజు గారికి ఫోను చేస్తే "కంగారు పడకండి, ఇంకోటి వస్తోంది" అన్నారు. ఆయన గొంతులోనే కంగారు వినిపించింది. చీకటి పడేలోగా ఆ ఇంకో చుక్క కూడా తిరిగిపోయింది.

ధరల బోర్డు మీద అంకె రోజుకో మెట్టు కాదు, పూటకో మెట్టు ఎక్కుతోంది. ఇస్త్రీ బండి మూతబడింది. బజ్జీలావిడ చల్లారిన పొయ్యి ముందు చేతులు కట్టుకుని కూర్చుని నా వైపు చూసింది. ఇంతకాలం ఓడ వస్తే నా గొప్పే అన్నట్టు తిరిగాను కదా, రాకపోతే ఎటు చూడాలో తెలియక తల వంచుకుని వచ్చేశాను.

కార్తీకం, శనివారం

ముల్లు పచ్చగీత దిగింది. ఏడాది తర్వాత దిగడం ఇదే మొదలు. ఇక బావులే దిక్కని పేర్రాజు గారు కబురు పంపారు. అంతవరకు ఎవరికీ అక్కర్లేని బావులు ఒక్కసారిగా బంగారు గనులైపోయాయి.

నడిలంక బావి దగ్గి దగ్గి అందుకుంది. గొల్లలంకది ఇంకాస్త మొండికేసి చివరికి అందుకుంది. తోకలంక అన్నిటికంటే పల్లం, బావి కూడా అన్నిటికంటే లోతు. వదిన చక్రం తిప్పుతుంటే ఫోనులో నాకూ వినిపిస్తోంది. ఒకటే గుడగుడ, గ్యాసు లేదు.

"రావట్లేదే రత్నం" అంది. అంతే అంది.



కార్తీకం, ఆదివారం

ఉండబట్టలేక దావీదు పడవలో తోకలంక వెళ్లాను. కరకట్ట మీద దిగి చూస్తే లోపల వరిచేలు నిలువెత్తు పల్లంలో పచ్చగా ఉన్నాయి. పంపు పోసే నీళ్లు గట్టవతల సముద్రంలో పడుతున్నాయి. పిల్లలు అక్కడే ఈదుతున్నారు.

వదిన నన్ను చూసి ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. "ఇంత దూరం నా కోసం వచ్చావా!" అని మురిసిపోయింది. నేను ఆవిడ కోసం రాలేదు. ఆవిడ మొహం చూస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు కాబట్టి వచ్చాను. అవి రెండూ ఒకటి కావు.

బావి దగ్గర చక్రం తిప్పితే కాస్త గాలి, ఆ వెనకే బురదనీళ్లు. ఆవిడ చీరంతా తడిసింది. వేలు ముంచి నాలుక్కి రాసుకుని, "ఉప్పు" అంది.

దావీదు గొట్టానికి చెవి పెట్టి విని తల అడ్డంగా ఊపాడు. "శానా పైదాకా ఊరిందండి. అప్పుడే ఒకరోజు ఒత్తిడి దించి వదిలేసుంటే కక్కేసుండేదండి. ఇప్పుడు పైపు మొత్తం ఖాళీ చేసినా పైకి లేత్తాదో లేదో."

"అప్పుడంటే ఎప్పుడయ్యా?" అని అడిగింది వదిన.

"ఆశ్వీజంలోనైనా అయ్యేదండి."

వదిన నా వైపు తిరిగింది. ఇక అడుగుతుందనుకున్నాను. అడిగితే చెప్పేద్దామనీ అనుకున్నాను, దేవుడి తోడు. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, "పాపం నువ్వూ అడిగే ఉంటావు. పెద్దోళ్లు వింటారా?" అంది.

నేను వంగి చక్రం మీద బురద తుడవసాగాను. దావీదు నా మొహంలోకి చూసి చటుక్కున పడవ వైపు వెళ్లిపోయాడు.

వదిన బలవంతాన అన్నం పెట్టింది. పొయ్యి మంట చిటికెనవేలంత కూడా లేదు, చేపల పులుసు ఉడకడానికి మధ్యాహ్నం దాటింది. "నెమ్మదిగా ఉడికితేనే రుచి" అని నన్నే ఓదార్చింది. 

మార్గశిరం, అమావాస్య ముందు రోజు

రేపు అమావాస్య పోటు. తూర్పుగాలి కూడా తోడైంది. పంపులన్నీ పూర్తిగా తిరగాల్సిన రోజు, పైపులో గ్యాసు మాత్రం అడుగంటింది. రెండు బావులు ఇచ్చేది అందరికీ చాలదు.

పేర్రాజు గారు వచ్చారు. ఈసారి టీ అడగలేదు. కుర్చీలో కూర్చుని చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"తోకలంకకి గ్యాసు వెళ్లే వాల్వు మూసెయ్యాలి రత్నం గారూ. అక్కడ మనుషులు తక్కువ, పడవల్లో తెచ్చేద్దాం. ఆ గ్యాసుతో పట్నం, మిగతా లంకలు నిలబడతాయి. అందరికీ పంచితే అందరూ మునుగుతారు."

లెక్క సరైనదే. ఆయన స్థానంలో ఎవరున్నా అదే చెబుతారు. కాకపోతే తోకలంక బావి బతికి ఉంటే ఈ లెక్కే వేసేవాళ్లు కాదు. ఆ ఊరి పంపు ఆ ఊరి బావి మీదే తిరిగేది, ఇంకా మిగిలితే మనకూ ఇచ్చేది. ఈ ముక్క ఆయనకు తెలియదు. బావి ముసలిదై ఎండిపోయిందని అనుకుంటున్నారు. నేను అలా అనుకోనిచ్చాను.

వదినకు ఫోను చేశాను. నేను చెప్పలేక నసుగుతుంటే ఆవిడే అందుకుంది.

"మూసేత్తన్నారా?"

"పడవలు పంపిస్తున్నాం వదినా. అందరూ ఎక్కెయ్యండి. ఒక్కరూ ఉండిపోవద్దు."

"మనుషుల్ని పడవెక్కిత్తావు, సరే. చేలని ఎక్కిత్తావా? మీ అన్నయ్య సమాధిని ఎక్కిత్తావా?"

ఏడుస్తున్నానని తెలియకూడదని ఫోను దూరంగా పెట్టుకున్నాను.

"ఏడవకే" అంది ఆవిడ. "నీ తప్పేముంది ఇందులో?"

మార్గశిరం, అమావాస్య

తెల్లవారాక చివరి పడవ నడిలంక చేరిందని కబురొచ్చింది. దావీదు తోకలంక వాల్వు దగ్గర నిలబడి, ఫోనులో "మూసెయ్యమంటారా అండి?" అని అడిగాడు. అలాంటి పనికి అతను ఎప్పుడూ రెండుసార్లు అడగడు. ఇవాళ రెండుసార్లు అడిగాడు.

"మూసెయ్" అన్నాను.

నా నోటితో నేనే అన్నాను. పేర్రాజు గారు చెప్పమన్నారని రాసుకోవచ్చు, ఓడలు తిరిగిపోయాయని రాసుకోవచ్చు, ఉత్తరాన చలి అని కూడా రాసుకోవచ్చు. అవన్నీ నిజాలే. ఆశ్వయుజంలో మాత్రం చలి లేదు, పోటు లేదు, ఓడ రేవులోనే ఉంది, రేవు వాల్వు చక్రం నా చేతి కింద ఉంది.

తోకలంక పంపు గీత తెర మీద కాసేపు వణికి పడుకుంది. మధ్యాహ్నానికి కరకట్ట కింద నుంచి నీరు లోపలికి నిండిపోయిందనీ, సాయంత్రానికి గట్టు కూడా జారిందనీ దావీదు చెప్పాడు. బావి తల కూడా మునిగింది. ఇక దాన్ని ఎవరూ తెరవలేరు.

పట్నం మునగలేదు. ముల్లు అట్టడుగు ఎర్రగీత మీద నిలబడింది. పేర్రాజు గారు నాకు దండం పెట్టి వెళ్లారు. ఆ దండం కంటే చెంపదెబ్బ నయం.

పుష్యం, గురువారం

వదిన మా ఇంట్లో ఉంటోంది. తోకలంక వాళ్లు మిగతా అందరూ పాత సినిమా హాలులో ఉన్నారు. ఇవాళ వాళ్లు నలుగురైదుగురు ఆవిడను చూడటానికి వచ్చారు. నేను వంటింట్లో టీ పెడుతున్నాను.

"మా ఆడబడుచు ఉండబట్టి చివరిదాకా గ్యాసు వచ్చింది మనకి" అంటోంది వదిన వాళ్లతో. "అది లేకపోతే మనల్నెప్పుడో ఆపేసేవోళ్లు. దాని చేతిలో ఉన్నంతవరకు చేసింది."

టీ గిన్నె పొంగిపోయింది. నేను చూస్తూనే ఉన్నాను.

వాళ్లు వెళ్లాక చెప్పేశాను. పచ్చగీత సంగతి, పేర్రాజు గారి పొగడ్త, గుడగుడ వినిపించిందని ఆవిడ చెప్పిన రోజునే నేను క్షేమం అని రాసి పంపిన సంగతి, అన్నీ చెప్పాను. ఒక్కరోజు దించితే చాలునని నాకు అప్పుడే తెలుసునని కూడా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆవిడ తిడితే బాగుండునని చూశాను. తిడితే కాళ్లు పట్టుకోవచ్చు కదా.

వదిన తిట్టలేదు. తర్వాత లేచి, తాడు మీద ఆరేసిన చీరలు తీసి మడత పెట్టుకుంది. సంచిలో పెట్టుకుంది. గుమ్మం దాటేటప్పుడు "తల్లీ" అని కూడా అనకుండా సినిమా హాలుకి వెళ్లిపోయింది.

పొయ్యి మీద పొంగిన టీ తుడుస్తూ కూర్చున్నాను. ఛీ, ఎంత తుడిచినా మరక పోదు. చెప్పేస్తే మనసు తేలికవుతుందని ఎవరన్నారో గానీ వాళ్లు నిజంగా చెప్పి చూసిన వాళ్లు కారు.

పుష్యం, బుధవారం

ఉత్తరాన చలి తగ్గింది. ధర దిగుతోంది. తెర మీద చుక్క మళ్లీ మన వైపు వస్తోంది. బజ్జీలావిడ పొయ్యి తుడిచి సిద్ధంగా ఉంచింది.

తోకలంక వాళ్లకు పనులు ఇప్పించాలని పేర్రాజు గారు జాబితా అడిగారు. మా గదిలో ఫోన్ల పనికి ఒక మనిషి కావాలి. నేను మాణిక్యం వదిన పేరు చెప్పాను. రోజూ కళ్ల ముందు ఉంటుంది, ఏదో రకంగా చూసుకోవచ్చు అనుకున్నాను. ఇంటికొచ్చి అన్నం కలుపుతుంటే వెలిగింది. ఆ ఫోన్ల పని అంటే ఏమిటి? ఓడ వచ్చిన రోజున మిగిలిన బావుల వాళ్లకు దారివ్వమని చెప్పడం! సొంత బావి పోగొట్టుకున్న మనిషి చేత పక్కవాళ్ల బావి మూయించే పని! ఇంతకంటే మంచి ఆలోచన నాకు తప్ప ఇంకెవరికి వస్తుంది?

కంచం ముందు నుంచి లేచి సినిమా హాలుకి పరుగెత్తాను. వద్దని చెప్పించేద్దామని. హాలు బయట కుళాయి దగ్గర గిన్నెలు కడుక్కుంటోంది. నేను ఏదో గొణిగేలోపు, తల ఎత్తకుండానే, "కబురొచ్చింది. వత్తానని చెప్పాను" అంది.

ఆవిడ నాతో మాట్లాడటం అదే, ఇన్నాళ్లకు.

పుష్యం, శుక్రవారం

ఓడ వచ్చింది.

సైరన్ మోగేసరికే వదిన గదిలో ఉంది. నీలం చీర, తడి తల. నా పక్క కుర్చీలో కూర్చుని ఫోను ముందుకు లాక్కుంది. నేను ముల్లు వైపు చూస్తున్నాను. ఆవిడ వైపు చూసే ధైర్యం లేదు. రేవు దగ్గర గ్యాసు వెచ్చబడుతోంది, ఇక ఏ క్షణానైనా పైపులోకి దూకుతుంది.

"నడిలంకకి ముందు చెయ్యాలా?" అని అడిగింది.

"ముందు నడిలంక. ఆ తర్వాత గొల్లలంక."

నంబరు నొక్కింది. అవతల ఆ బావి కాచే ముసలి వీర్రాఘవులు గారి గొంతు నాకూ వినబడుతోంది.

"ఓడొచ్చిందటగా అమ్మా. మూసేత్తన్నానమ్మా, చక్రం మీదే ఉంది చెయ్యి."

"చెయ్యి తియ్యండి బాబాయ్" అంది వదిన. "మూయొద్దు."

"అదేంటమ్మా! ఓడొత్తే దారియ్యొద్దా?"

"ఇయ్యొద్దు. బావి తెరిచే ఉంచండి. ఎవరొచ్చి చెప్పినా మూయకండి."

ముల్లు ఎక్కుతోంది. ఓడ గ్యాసు ఇదే ఉరవడితో వస్తే తెరిచి ఉన్న బావిని వెనక్కి నెట్టేస్తుంది. బావి నిలవాలంటే రేవు దగ్గర వాల్వు బిగించి ఓడ గ్యాసును సన్నగా వదలాలి. ఆ పని వదిన చెయ్యలేదు, ఆ చక్రం నాది. ఆవిడ నన్ను అడగలేదు, నా వైపు చూడనైనా లేదు. గొల్లలంక నంబరు కోసం కాగితం వెతుక్కుంటోంది.

లేచి గది మూలనున్న చక్రం తిప్పి రేవు వాల్వు బిగించాను. ముల్లు పచ్చగీత కింద ఆగింది. ఆ వెంటనే ఓడ కెప్టెన్ అరుపులు మొదలయ్యాయి. సన్నగా తీసుకుంటే ఓడలో ఉన్నదంతా మరిగి ఆవిరైపోతుందట, నష్టం ఎవరు కట్టుకుంటారట. అరవనిచ్చాను. పట్నం నుంచి ఫోన్లు మొదలయ్యాయి, పొయ్యి మంట ఎత్తడం లేదని, ఓడ వచ్చాక కూడా ధర పూర్తిగా దిగలేదేమని. అన్నిటి మీదుగా పేర్రాజు గారి లైను మోగింది. వదినే దగ్గరగా ఉంది. ఎత్తడానికి చెయ్యి చాచింది.

నేను ముందే అందుకున్నాను.

"ఏమిటండీ ఇది! నడిలంక బావి మూయలేదట! ఎవరు చెప్పారు? ఆ కొత్తావిడేనా?"

"నేనేనండి" అన్నాను. "మూయొద్దని చెప్పించింది నేనే. రేవు వాల్వు బిగించింది కూడా నేనే."

"మీకు మతి పోయిందా రత్నం గారూ?"

"తోకలంక బావి ఎండిపోలేదండి. నీళ్లూరుతున్నాయని నాకు ఆశ్వయుజంలోనే తెలుసు. ఒక్కరోజు ముల్లు దించితే బతికేది. మీకు చెప్పలేదు. మీరు మెచ్చుకున్నారని చెప్పలేదు."

"అక్కడే ఉండండి, వస్తున్నాను" అన్నారు. ఎందుకు వస్తున్నారో నాకు తెలుసు. ఈ కుర్చీలో ఇదే నా చివరి పూట. ఫోను చెవికి పెట్టుకుని అలాగే నిలబడ్డాను.

వదిన అప్పుడు నా వైపు చూసింది. క్షమించిన చూపు కాదది. అలా అని రాసుకుంటే ఇదీ అబద్ధమే అవుతుంది.

"ఆ ఫోను పెట్టెయ్" అంది. "గొల్లలంకకి ఇంకా చెయ్యలేదు, వోళ్లు మూసేత్తారు."